రెండక్షరాల జవాబు

మా ఆఫీసులో ఒకమ్మాయి నా సీటు దగ్గరికొచ్చి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. "సార్, పొద్దుట్నుంచీ తల బద్దలు కొట్టుకుంటున్నా. ఏమడిగినా రెండే అక్షరాలు. జీఈ, జీఈ, జీఈ. ఇది ఎర్రరా, పొగరా?"

నవ్వొచ్చింది. జీఈ అంటే ఎర్రరూ కాదు, పొగరూ కాదు. "నువ్వు అడిగింది నా దగ్గర లేదమ్మా" అని నిజాయితీగా చెప్పే జవాబు. అడిగింది దొరికితే ఆ రెండక్షరాల చోట రెండు ఖాళీలు వస్తాయి. అంటే పని సవ్యంగా జరిగినప్పుడు ఈ డేటాబేస్ ఏమీ అనదు. మన ఇళ్లలో తాతగారి భోజనం లాంటిదే. కూర బాగుంటే తలొంచుకుని తినేస్తారు. ఉప్పు తగ్గితేనే నోరు విప్పుతారు.

వ్యక్తిత్వ వికాసం శీర్షిక కింద డేటాబేస్ పాఠమేంటని పేజీ తిప్పేయకండి. కొత్తగా పెళ్లై అత్తారింట్లో అడుగుపెట్టిన పిల్ల, వేరే ఊరికి బదిలీ అయిన ఉద్యోగి, ముప్పై ఏళ్లుగా నడుస్తున్న కొట్లోకి కంప్యూటర్ తెచ్చిన కొడుకు... వీళ్లందరిదీ ఆ అమ్మాయి సమస్యే. తమకు వచ్చిన భాష ఒకటి, అక్కడ నడిచేది ఇంకొకటి. ఎవరు ఎవరి దారికి రావాలన్నదే పేచీ. ఆమె ఓ పని మీద తంటాలు పడిన పదకొండు రోజుల్లో చూసినంత స్పష్టంగా ఈ పేచీని నేనెక్కడా చూడలేదు. అందుకే రాస్తున్నాను.

ఆమె పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దిట్ట. చేరి పద్నాలుగు నెలలైంది. పని చెప్పడానికి చిన్నదే: మా క్లయింటు దగ్గరున్న ఐఎంఎస్ డేటాబేస్ నుంచి రోజూ కొన్ని వివరాలు పైథాన్ స్క్రిప్టుతో తీసి ఒక పట్టికగా ఇవ్వాలి. "రెండ్రోజులు చాలు సార్" అని మీటింగులో చెప్పేసింది. నేను నోరు మెదపలేదు. నిజానికి మెదపాల్సింది. పెద్దవాళ్లం చాలాసార్లు చేసే తప్పే అది. పిల్లలు గోతిలో పడేదాకా ఊరుకుని, పడ్డాక సలహాలు ఇస్తాం.

ఐఎంఎస్ అంటే ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఐబీఎం వాళ్లది. అపోలో కార్యక్రమానికి సాటర్న్-5 రాకెట్ విడిభాగాల జాబితాను ఎలా పట్టి ఉంచాలా అన్న తలనొప్పిలోంచి పుట్టింది. 1966లో మొదలైంది. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో, రాక్‌వెల్ వాళ్ల ఆవరణలో, ఒక టెర్మినల్ మీద "ఐఎంఎస్ రెడీ" అనే మాట మొదటిసారి వచ్చింది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడానికి ఇంకా దాదాపు ఏడాది ఉంది. మనమిప్పుడు డేటాబేస్ అనగానే ఊహించుకునే వరసలూ నిలువులూ ఉన్న పట్టికల పద్ధతిని కాడ్ అనే ఆయన తన వ్యాసంలో ప్రతిపాదించింది 1970లో. అంటే ఈ పెద్దాయన అంతకు ముందే ఉద్యోగంలో చేరిపోయాడు. బ్యాంకుల్లో, ఇన్సూరెన్సు కంపెనీల్లో ఇవాళ్టికీ డ్యూటీ చేస్తున్నాడు.

రాకెట్‌ను విప్పి చూడండి. రాకెట్ కింద దశలు, దశ కింద ఇంజన్లు, ఇంజన్ కింద పంపులు, పంపు కింద బోల్టులు. ప్రతి బోల్టుకూ పైన ఒక అమ్మ ఉంటుంది. కాబట్టి ఐఎంఎస్ కూడా సమాచారాన్ని చెట్టులా కట్టింది, వేరు పైకి, కొమ్మలు కిందికి. ఒక్కో ముడిని సెగ్మెంట్ అంటారు. పదిహేను తరాల దాకా దిగవచ్చు, 255 రకాల సెగ్మెంట్లు పెట్టుకోవచ్చు. ఒక్కో బిడ్డకు ఒక్కటే సొంత తల్లి.

పల్లెటూళ్లో కొత్త పిల్ల కనిపిస్తే అరుగు మీది ముసలమ్మ "నీ పేరేంటి" అని అడగదు. "ఎవరింటి పిల్లవే?" అంటుంది. ముందు ఇల్లు, ఆ తర్వాత మనిషి. మనకు ఇంటిపేరు ముందొచ్చి, పేరు వెనకాల నడుస్తుంది. భూమి కాగితాలూ అంతే. జిల్లా, మండలం, గ్రామం, ఆ తర్వాతే సర్వే నంబరు. "నూట పన్నెండో సర్వే నంబరు ఎవరిది?" అని ఊరి పేరు చెప్పకుండా అడిగితే ఏ వీఆర్వో అయినా మొహంలోకి చూస్తాడు. ఆ నంబరు ఊరికొకటి ఉంటుంది. ఐఎంఎస్‌లో బిడ్డ సెగ్మెంటు నంబరు కూడా తల్లి కింద మాత్రమే విలక్షణం. ఇంకో తల్లి కింద అదే నంబరు హాయిగా ఉండొచ్చు. ఇది మన బుర్రకు ఇట్టే ఎక్కాల్సిన సంగతి. కానీ కాలేజీలో నాలుగేళ్లు పట్టికలే చదివిన పిల్లలకు ఎక్కదు.

ఆమె మొదట ఎంచుకున్న దారి మంచిదే. ఐఎంఎస్‌కు జావా డ్రైవర్ ఉంది. పైథాన్‌లోంచి జేపైప్ అనే లైబ్రరీ సాయంతో ఒక జావా యంత్రాన్ని లేపి, జేడీబీ-ఏపీఐ ద్వారా ఆ డ్రైవర్‌ను పిలవొచ్చు. మనం పట్టికలను అడిగే మామూలు ఎస్‌క్యూఎల్ భాషలో రాస్తాం. డ్రైవర్ దాన్ని ఐఎంఎస్ మాటల్లోకి మార్చి, నెట్‌వర్క్ మీద ఐఎంఎస్ కనెక్ట్ అనే గుమ్మానికి పంపుతుంది. అక్కణ్నుంచి ఓడీబీఎం అనే గుమస్తా లోపలికి తీసుకెళ్తాడు. పైథాన్ అడిగితే జావా విని, జావా చెబితే గుమ్మం విని, గుమ్మం చెబితే గుమస్తా విని... పెళ్లి సంబంధం నలుగురు మధ్యవర్తుల మీదుగా నడిచినట్టే. సంబంధం కుదురుతుంది. కాకపోతే ఎక్కడ ఏ మాట మారిందో కనిపెట్టడం కష్టం.

మొదటి రోజంతా తలుపు దగ్గరే గడిచింది. కనెక్షన్ చిరునామాలో మిషన్ పేరు, పోర్టు తర్వాత డేటాబేస్ పేరు రాసింది. లోపలికి రానివ్వలేదు. అక్కడ రాయాల్సింది పీఎస్‌బీ పేరు. ఒక ప్రోగ్రాముకు ఏయే డేటాబేసులు కనిపించాలి, వాటిలో ఏయే సెగ్మెంట్లు కనిపించాలి, చదవడమేనా, మార్చడం కూడానా అని రాసిపెట్టిన అనుమతి పత్రం అది. మీరు ఎవరన్నది వాళ్లకు రెండో ప్రశ్న. ఏ పని మీద వచ్చారన్నది మొదటి ప్రశ్న. కొత్త ఆఫీసులో మనమేం చేస్తాం? తలుపు తోసుకుని "నేను ఫలానా, నా డిగ్రీ ఫలానా" అని మొదలుపెడతాం. ఎదుటివాడు వినాలనుకునేది అది కాదు. ఏ పని మీద వచ్చావు, ఎంతవరకు చూడాలి, ఏది ముట్టుకోవాలి? ఈ మూడింటికీ జవాబు పట్టుకుని వెళ్లి చూడండి, కుర్చీ వాళ్లే చూపిస్తారు.

తలుపు తెరుచుకుంది. రెండో రోజు ఇంకో తంటా. ఫలానా జబ్బు ఉన్న రోగులందరి జాబితా కావాలని ఒకే ఒక వాక్యంలో అడిగింది. (అసలు క్లయింటు డేటా ఇక్కడ చెప్పకూడదు. ఐబీఎం వాళ్ల పుస్తకాల్లో ఉదాహరణగా వచ్చే ఆసుపత్రి డేటాబేసు పేర్లే వాడుతున్నాను. పేషెంట్ తల్లి, ఆమె కింద ఇల్‌నెస్, దాని కింద ట్రీట్‌మెంట్.) వాక్యం పట్టికల లోకంలో అందంగానే ఉంది. టీ తాగి వచ్చాం, భోజనం చేసి వచ్చాం, జవాబు రాలేదు. మూడింటికి ఫోన్ వచ్చింది. "ఎవరండీ అది, టెస్ట్ రీజియన్ మొత్తం ఈడ్చుకుపోతున్నారు?"

ఏమైందంటే, తల్లి పేరు చెప్పకుండా ఆమె బిడ్డను అడిగింది. డ్రైవర్ పాపం ఏం చేస్తుంది? ఊళ్లో మొదటి ఇంటి నుంచి చివరి ఇంటిదాకా ప్రతి తలుపూ కొట్టి "మీ ఇంట్లో ఉన్నాడా?" అని అడుక్కుంటూ వెళ్లింది. పక్క దారిలో ఇండెక్స్ కట్టి ఉంటే సులువయ్యేది. మాకు లేదు. ఐఎంఎస్ దగ్గర మెరుపు వేగం ఉంది. అయితే ఆ వేగమంతా వేరు నుంచి దారి తెలిసినవాడికే. దారి తెలియనివాడికి అదే పెద్దాయన ఎడ్లబండి.

"అడగందే అమ్మయినా పెట్టదు" అని మనకో సామెత ఉంది. సగమే చెప్పారు. ఎలా అడగాలో కూడా చెప్పి ఉండాల్సింది. ఆఫీసుల్లో "నాకు ఎవరూ సహకరించడం లేదు" అని వాపోయేవాళ్ల మెయిళ్లు ఒకసారి తీసి చూడండి. "ప్లీజ్ సెండ్ డీటెయిల్స్" అని ఉంటుంది. ఏ డీటెయిల్స్? ఏ నెలవి? ఏ ఖాతావి? అందుకున్నవాడు ఊరంతా తిరగాలి. తిరగడు. మెయిలు పక్కన పెట్టేస్తాడు. అడిగే ముందు ఓ రెండు నిమిషాలు అవతలివాడి అల్మారా ఎలా సర్ది ఉంటుందో ఊహించండి. వాడు నెలల వారీగా ఫైళ్లు కట్టుకుంటే నెలతో మొదలుపెట్టండి. వాడు ఖాతాదారు వారీగా కట్టుకుంటే పేరుతో మొదలుపెట్టండి. ఈ చిన్న మర్యాద తెలిసిన గుమస్తాలకు పనులు ఎలా నడుస్తాయో ప్రతి మండలాఫీసులోనూ చూశాను.

మూడో రోజు పైథాన్ మూయించి, ఆమెను రెక్స్ ముందు కూర్చోబెట్టాను. రెక్స్ కూడా స్క్రిప్టింగ్ భాషే. ఐబీఎంలో మైక్ కౌలిషా 1979లో మొదలుపెట్టాడు, పైథాన్ లోకంలోకి రావడానికి పన్నెండేళ్ల ముందు. దాన్ని ఐఎంఎస్‌కు నేరుగా కలిపే అడాప్టర్ ఉంది. మధ్యవర్తులు లేరు. మనం అన్న మాట అన్నట్టే వెళ్తుంది, వచ్చిన జవాబు వచ్చినట్టే కనిపిస్తుంది. ఏ కొత్త సంబంధంలోనైనా చిక్కొస్తే నేను చేసేది ఇదే. మధ్యలో వాళ్లందర్నీ తీసేసి ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుంటాను. ఆ తర్వాత మధ్యవర్తులు మళ్లీ రావచ్చు, అభ్యంతరం లేదు.

ఐఎంఎస్‌ను అడగడానికి మాటలు తక్కువ. జీయూ అంటే గెట్ యూనిక్, ఫలానావాణ్ని ఇవ్వు. జీఎన్ అంటే గెట్ నెక్స్ట్, తర్వాతివాణ్ని ఇవ్వు. జీఎన్‌పీ అంటే ఈ తల్లి పిల్లల్లోనే తర్వాతివాణ్ని ఇవ్వు. ఆ మాట వెనకాల ఎవరు కావాలో చెప్పే చీటీ ఉంటుంది, ఎస్ఎస్ఏ అంటారు. ఆ చీటీ రాయడంలోనే మజా అంతా. సెగ్మెంట్ పేరుకు సరిగ్గా ఎనిమిది గళ్లు. పేషెంట్ అని ఇంగ్లీషులో రాస్తే ఏడక్షరాలు, కాబట్టి ఒక ఖాళీ వదలాలి. అప్పుడు బ్రాకెట్. తర్వాత ఫీల్డు పేరుకు మళ్లీ ఎనిమిది గళ్లు. పాట్‌నో, అంటే రోగి నంబరు, అయిదక్షరాలు, మూడు ఖాళీలు వదలాలి. సమానం అనే గుర్తుకు రెండు గళ్లు. తర్వాత విలువ. తర్వాత బ్రాకెట్ మూత. ట్రీట్‌మెంట్ అనే మాట ఎనిమిదిలో పట్టక, ఆ పుస్తకాల్లో దాని మధ్యలో ఒక అక్షరం కోసేశారు. హౌస్‌హోల్డ్ అనే ఇంకో సెగ్మెంటుదీ అదే గతి.

ఆమె పాట్‌నో తర్వాత ఒక్క ఖాళీ వదిలింది. ఏజే, ఏకే అని ఇద్దరున్నారు, అడిగిన తీరు బాగోలేదని చెప్పడమే వాళ్ల పని. వాళ్లలో ఒకడు ప్రత్యక్షమయ్యాడు.

"స్పేసులకు ఇంత పట్టింపేంటి సార్? అర్థమైంది కదా దానికి!"

"అర్థం కాలేదు, అదే చెప్తోంది. పెన్షన్ ఫారంలో గడికొక అక్షరం రాయమంటే రాస్తావు కదా? ఇదీ అంతే అనుకో."

గొణిగింది. అయినా రాసింది. ఈసారి రెండు ఖాళీలు వచ్చాయి, కింద రోగి వివరాలు. "వచ్చింది!" అని కుర్చీలోంచి లేచింది. అప్పుడు పైథాన్ వాక్యానికి వెనక్కి వెళ్లి, తల్లి నంబరు షరతు చేర్చి అడిగించాను. డ్రైవర్ ప్రతి బిడ్డ పట్టికలోనూ తల్లి నంబరును ఒక అదనపు నిలువుగా చూపిస్తుంది. అది అక్కడ నిజంగా ఉండదు, మన సౌకర్యం కోసం కనిపిస్తుంది. ఆమె దాన్ని రెండ్రోజులుగా చూస్తూనే ఉంది, ఎందుకో తెలియక వదిలేసింది. ఈసారి రిటర్న్ నొక్కిన వేలు పైకి లేచేలోపే జవాబు.

ఆ రోజు సాయంత్రం ఆమె స్టిక్కీ నోట్ మీద కోడ్లు రాసుకుని మానిటర్‌కు అంటించింది. జీఈ: లేదు. జీబీ: పుస్తకం అయిపోయింది, ఇక పేజీల్లేవు. ఐఐ: నువ్వు పెట్టబోయేది ఇప్పటికే ఉంది. ఏఎమ్: ఆ పని చేయడానికి నీకు అనుమతి లేదు. జీపీ దగ్గర ఆగి నా వైపు చూసింది. జీపీ అంటే, తల్లి ఎవరో తేల్చకుండానే "తర్వాతి బిడ్డ" అన్నావు అని. అరుగు మీది ముసలమ్మ ప్రశ్నే అది.

ఈ నోటు గురించి ఓ మాట చెప్పాలి. మన చుట్టూ మనుషులు కూడా రెండక్షరాల జవాబులే ఇస్తారు. "చూద్దాం." "సరే." "ఊఁ." మనం అన్నిటినీ ఒకే గాటన కట్టి "నన్ను లెక్కచేయడం లేదు" అని తేల్చేస్తాం. కానీ మేనేజర్ గారి "చూద్దాం"లో ఒకటి జీఈ, అంటే ఆయన దగ్గర బడ్జెట్ లేదు. ఇంకొకటి ఏఎమ్, అంటే అది ఆయన చేతుల్లో లేదు. మరొకటి ఐఐ, ఆ పని ఇప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారు. మూడింటికీ మన తర్వాతి అడుగు వేరు. మొదటిదానికి వచ్చే త్రైమాసికం దాకా ఆగాలి, రెండోదానికి ఆయన పై వాళ్లను కలవాలి, మూడోదానికి ఆ వేరేవాళ్లతో మాట్లాడాలి. కోపం తెచ్చుకోవడం మాత్రం మూడింటిలో దేనికీ మందు కాదు. మీ దగ్గర పని చేసేవాళ్ల, మీ ఇంట్లోవాళ్ల పొడి జవాబులకు ఓ స్టిక్కీ నోటు తయారుచేసుకుని చూడండి. మా ఆవిడ "మీ ఇష్టం" అంటే అర్థమేంటో తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. కోడ్ ఇక్కడ రాయను.

మార్చడం దగ్గర ఇంకో పద్ధతుంది. ఒక సెగ్మెంటును తెచ్చుకుని, అందులో ఏదో దిద్ది, తిరిగి పెట్టేస్తానంటే ఐఎంఎస్ ఒప్పుకోదు. డీజే అంటుంది. "పట్టుకోకుండానే మారుస్తావా?" అని. మార్చే ఉద్దేశం ఉంటే మొదటే చెప్పాలి. మామూలు గెట్ కాదు, గెట్ హోల్డ్ అనాలి, జీహెచ్‌యూ. అప్పుడు ఆ సెగ్మెంటు నీ చేతిలో ఉంటుంది, నీ పని అయ్యేదాకా ఇంకొకరు దాన్ని మార్చలేరు. పని కాగానే వదిలేయాలి, వదలకపోతే వెనకాల క్యూ పెరుగుతుంది. ఉత్తినే చూసి పోదామని వచ్చినవాడికి ఈ హోల్డ్ అక్కర్లేదు.

సలహాలిచ్చే పెద్దమనుషులకు ఇది చెప్పాలనిపిస్తుంది. ఎదుటివాళ్ల జీవితంలో ఏదో మార్చాలని ఉబలాటం, కానీ కాసేపు చేయి పట్టుకుని కూర్చునే ఓపిక లేదు. కొడుకు ఉద్యోగం గురించి గుమ్మంలోంచే ఒక మాట విసిరి వెళ్లిపోయే తండ్రికి వచ్చే జవాబు కూడా డీజేనే. వాడు నోటితో అనడు, అంతే.

తీసేయడం గురించి నాకు తగిలిన దెబ్బ ఒకటుంది. మొదటి ఉద్యోగం, వేరే కంపెనీ, రెండో ఏడు. ఒక పాత చిరునామా సెగ్మెంటును తీసేయాలి. నేను చిరునామాను పట్టుకున్నాననుకుని తల్లిని పట్టుకున్నాను. డిలీట్ అన్నాను. రెండు ఖాళీలు వచ్చాయి. సంబరపడ్డాను కూడా. ఐఎంఎస్‌లో తల్లి పోతే కింద ఉన్న పిల్లలు, మనవలు, మునిమనవలు అందరూ ఆమెతోనే పోతారు. ఎవర్నీ అడగదు, ఏడవనివ్వదు. లూప్‌లో ఉన్నాను కాబట్టి ఒక్క తల్లితో ఆగలేదు. టెస్ట్ డేటాబేసు కాబట్టి ఉద్యోగం నిలిచింది. శుక్రవారం రాత్రి పది గంటలకు బ్యాకప్ టేపు కోసం ఆపరేటర్‌ను బతిమాలుకున్నాను. ఆయన అన్నం డబ్బా విప్పబోతూ లేచి వచ్చాడు.

అప్పట్నుంచి నాకో అలవాటు. ఏది కొట్టేయబోయినా ముందు దాని కింద ఎవరెవరు వేలాడుతున్నారో జీఎన్‌పీ కొట్టి చూసుకుంటాను. ప్రోగ్రాముల్లోనే కాదు. ఒక స్నేహితుడితో తెగదెంపులు చేసుకుందామనుకున్నప్పుడు కూడా, వాడి కింద వాళ్లమ్మ చేతి పులిహోర, వాడి తమ్ముడికి నేను చెప్పే లెక్కలు, మా ఇద్దరి పేరుతో ఉన్న చీటీ, అన్నీ వేలాడుతూ కనిపించాయి. తెంచలేదు. ఆ చీటీ పాట మాత్రం ఇంకా వాడే పాడుకుంటున్నాడు, అది వేరే కథ.

ఆరో రోజు నుంచి అసలు ఘట్టం మొదలైంది. డ్రైవర్ దారి కాకుండా, కొంత సమాచారం ఫైలుగా దింపి ఇచ్చారు. పైథాన్‌లో తెరిస్తే, పేర్ల పక్కన ఖాళీలు ఉండాల్సిన చోటంతా "ఎట్ ది రేట్" గుర్తులు, వరసగా, చీమల బారులా. పేర్లేమో పిచ్చి గీతలు. ఆమె డేటా పాడైందని మెయిలు రాయబోతే ఆపాను. పాడవలేదు. ఐఎంఎస్ నడిచే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు అక్షరాలను ఎబ్సిడిక్ అనే లిపిలో రాస్తుంది. దాని ఖాళీ నంబరు, మన ఆస్కీలో "ఎట్ ది రేట్" నంబరు ఒకటే. పైథాన్‌కు ఈ లిపి వచ్చు. సీపీ037 అని చెబితే చక్కగా చదువుతుంది. చెప్పాలి, అంతే.

పేర్లు కుదిరాయి. డబ్బు కుదరలేదు. మెయిన్‌ఫ్రేమ్ డబ్బును అంకెకు ఒక గది ఇచ్చి రాయదు. ఒక బైటులో రెండు అంకెలు ఇరికిస్తుంది, చివరి అర గదిలో సీ అని ఉంటే లాభం, డీ అని ఉంటే నష్టం. 12345 అనేది మూడే బైట్లలో సర్దుకుంటుంది: 12, 34, 5సీ. దశాంశ బిందువు ఎక్కడుంది? ఎక్కడా లేదు. కాపీబుక్ అని కోబాల్ భాష వాళ్ల పత్రం ఉంటుంది, అందులో "చివరి రెండూ పైసలు" అని ఎప్పుడో ఒకాయన రాసిపెట్టాడు. దాన్ని బట్టి అది నూట ఇరవై మూడు రూపాయల నలభై అయిదు పైసలు. పత్రం చూడనివాడికి పన్నెండు వేల మూడు వందల నలభై అయిదు. పాత ఇళ్లలోనూ పాత సంస్థల్లోనూ సగం సంగతులు ఇలాగే ఉంటాయి. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పరు. కోడలు వంటింట్లో అత్తగారి కొలత గిన్నెను చూసి బియ్యం తప్పు కొలిచిందంటే, తప్పు ఆమె లెక్కల్లో లేదు. ఆ గిన్నె సోల కాదు, సోలన్నర అని చెప్పినవాళ్లు లేరు. అడగాలి. సిగ్గుపడకుండా, మొదటి రోజే, "దీని కాపీబుక్ ఎక్కడుందండీ?" అని.

తొమ్మిదో రోజు ఆమె పట్టిక, మెయిన్‌ఫ్రేమ్ పాత రిపోర్టు పక్కపక్కన పెట్టి చూసి క్లయింటు వైపు నుంచి ఒకాయన "సగం వరసలు కలవడం లేదు" అని కేకలేశాడు. వరసలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తప్పలేదు. క్రమమే మారింది. ఎబ్సిడిక్ లెక్కలో అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. ఆస్కీలో అంకెలు ముందు. కొత్త పట్టికలో అంకెతో మొదలయ్యే ఖాతాలన్నీ పైకి ఎక్కి కూర్చున్నాయి. ఆమె ఒక్క లైను మార్చింది, అంతా సర్దుకుంది. ఫోన్ పెట్టేశాక మాత్రం కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నీ సరిగ్గా చేసి కూడా తిట్లు తిన్నప్పుడు వచ్చే ఏడుపు అది. టీ తెప్పించాను. దానికి అంతకన్నా మందు నాకు తెలియదు.

నాకు ఇవన్నీ ఎలా తెలుసంటారా? తొంభైల చివర్లో, వైటూకే అని లోకమంతా గాభరా పడుతున్నప్పుడు, అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో నేర్చుకున్నాను. కోబాల్, జేసీఎల్, వీశామ్, డీబీటూ, కిక్స్, చివర్న తొందర తొందరగా ఐఎంఎస్. గదిలో ఎనభై మందిమి. చేతిలో జిరాక్స్ మెటీరియల్. మెషీన్ కన్నా ముందు స్టేటస్ కోడ్లు బట్టీ పట్టాం. అప్పుడు తిట్టుకున్నాను. జీయూ ఎలా ఉంటుందో స్క్రీన్ మీద చూడకుండా పది రోజులు దాని గురించి నోట్సు రాసుకున్నాం మరి. బట్టీని నేను సమర్థించను. కానీ ఆ సందుల్లోంచి వెళ్లిన తెలుగు పిల్లలు ఎంతోమంది, అమెరికాలో బ్యాంకుల వెనక గదుల్లో ఇప్పటికీ ఆ రెండక్షరాలు చదువుకుంటూ ఇంటి ఈఎంఐలు కడుతున్నారు. నాకూ నలభై ఏడొచ్చే దాకా అదే అన్నం పెట్టింది. ఇక చాలు, కొత్తది నాకెందుకు అనే ధీమా కూడా అదే పెట్టింది.

పదకొండో రోజు సాయంత్రం ఆమె స్క్రిప్టు మొదటిసారి ఎవరూ ముట్టుకోకుండా నడిచింది. కుర్చీ నా వైపు జరుపుకుని, "సార్, ఇప్పుడు మీరు రాయండి" అంది.

"ఏం రాయాలి?"

"పైథాన్. అయిదు లైన్లు. తల్లిని అడగండి, పిల్లల్ని ఒక్కొక్కర్నీ ప్రింట్ చేయండి. నేను చెప్పను."

ఇరవై అయిదేళ్ల సర్వీసు నాది. అయిదు లైన్లకు భయపడతానా అని మొదలుపెట్టాను. ఫర్ లూప్ రాశాను, కింద ప్రింట్ రాశాను, ఎంటర్ కొట్టాను. స్క్రీన్ మీద ఎర్రగా ఒక వాక్యం వచ్చింది. మళ్లీ చూసుకున్నాను. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటిది? అంతా కరెక్టేగా!"

"ప్రింట్ ముందు నాలుగు స్పేసులు సార్. మీరు వదల్లేదు."